ఫోన్ కాలిక్యులేటర్‌లో సైన్⁻¹, కాస్⁻¹, టాన్⁻¹: బటన్ నొక్కడం తేలికే, జవాబును నమ్మడమే కష్టం

సైన్ విలువ 0.6 అని తెలుసు, కోణం ఎంతో తెలియదు. ఎదుటి భుజం, ఆసన్న భుజం తెలుసు, వాలు ఎన్ని డిగ్రీలో తెలియదు. ఇలాంటి చోట్ల కావలసినవి విలోమ త్రికోణమితి ప్రమేయాలు. ఫోన్‌లో వాటి బటన్లు వెతికి పట్టుకోవడం అర నిమిషం పని. తప్పులు ఎక్కువగా ఆ తర్వాతే జరుగుతాయి.

ముందు బటన్ల సంగతి. ఐఫోన్‌ను అడ్డంగా తిప్పితే సైంటిఫిక్ కాలిక్యులేటర్ వస్తుంది. తెర తిరగకపోతే కంట్రోల్ సెంటర్‌లో ఓరియంటేషన్ లాక్ పడి ఉంటుంది, తీసేయండి. ఐఓఎస్ 18 నుంచి ఫోన్ తిప్పకుండానే కాలిక్యులేటర్ బొమ్మ ఉన్న బటన్ నొక్కి ‘సైంటిఫిక్’ ఎంచుకోవచ్చు. అక్కడ ‘సెకండ్’ బటన్ నొక్కగానే సైన్, కాస్, టాన్ బటన్లు సైన్⁻¹, కాస్⁻¹, టాన్⁻¹‌గా మారతాయి. గూగుల్ కాలిక్యులేటర్‌లో చిన్న బాణం గుర్తు నొక్కి అదనపు బటన్లు తెరిచి, ‘ఇన్వ్’ నొక్కాలి. శామ్‌సంగ్‌లో సైంటిఫిక్ గుర్తు నొక్కాక, ఎదురెదురు బాణాలున్న బటన్ రెండో వరుస ప్రమేయాలను బయటకు తెస్తుంది. పక్కనే చివర ‘హెచ్’ ఉన్న బటన్లు కనిపిస్తే వాటి జోలికి పోకండి. అవి హైపర్బోలిక్ ప్రమేయాలు, వేరే జాతి. 0.5కు సైన్⁻¹ 30 డిగ్రీలైతే, హైపర్బోలిక్ సైన్ విలోమం 0.4812.

ఇక అసలు చిక్కు: డిగ్రీలా, రేడియన్లా? లెక్క మొదలుపెట్టే ముందు ఒక్కసారి సైన్⁻¹(1) కొట్టి చూడండి. 90 వస్తే డిగ్రీలు. 1.5708 వస్తే రేడియన్లు. కొన్ని యాప్‌లలో 100 కూడా రావచ్చు, అది గ్రేడియన్ మోడ్. బటన్ మీది అక్షరాలు చూసి నిర్ణయించుకోవడం కంటే ఇదే నమ్మకమైన దారి. ఎందుకంటే చాలా ఫోన్లలో ఆ బటన్ మీద రాసి ఉండేది ఇప్పుడున్న మోడ్ కాదు, నొక్కితే మారబోయే మోడ్. ‘రేడ్’ అని కనిపించగానే రేడియన్లలో ఉన్నామనుకుంటారు, నిజానికి డిగ్రీల్లోనే ఉంటారు. ఇప్పుడున్న మోడ్ తెర మీద ఒక మూల చిన్నగా ఉంటుంది. రేడియన్లలో వచ్చిన జవాబును పారేయనక్కర్లేదు, 180తో గుణించి πతో భాగిస్తే డిగ్రీలవుతుంది. ఒక రేడియన్ అంటే సుమారు 57.2958 డిగ్రీలు.

రెండో చిక్కు, బటన్ ఏ సంఖ్యను తీసుకుందన్నది. ఎదుటి భుజం 3, ఆసన్న భుజం 4 అనుకుందాం. కావలసింది టాన్⁻¹(3÷4), అంటే 36.87 డిగ్రీలు. ప్రమేయం ముందు నొక్కే కాలిక్యులేటర్‌లో బ్రాకెట్ లోపలే 3÷4 పెట్టి, మూసి, = నొక్కాలి. సంఖ్య ముందు కొట్టి ప్రమేయం తర్వాత నొక్కే రకమైతే 3 ÷ 4 కొట్టగానే టాన్⁻¹ నొక్కకూడదు. అది చివరి 4ను మాత్రమే తీసుకుంటుంది. టాన్⁻¹(4) అంటే 75.96, ఆ పైన 3ను దానితో భాగించి 0.0395 అని చూపిస్తుంది. 3 ÷ 4 తర్వాత ముందు = నొక్కండి, 0.75 కనిపించాక టాన్⁻¹. మీ ఫోన్‌ది ఏ రకమో తెలియకపోతే ఈ 3, 4 లెక్కే పరీక్షగా పెట్టండి.

‘⁻¹’ను ఘాతంగా చదవడం ఇంకో పొరపాటు. సైన్⁻¹(0.5) అంటే 1 ÷ సైన్(0.5) కాదు. డిగ్రీ మోడ్‌లో మొదటిది 30, రెండోది సుమారు 114.59. కొసెక్, సెక్ విలోమాలకు బటన్ ఉండదు కాబట్టి వ్యుత్క్రమం తీసుకోవాల్సింది లోపలి సంఖ్యకే: కొసెక్⁻¹(2) కావాలంటే సైన్⁻¹(1÷2), సెక్⁻¹ అయితే కాస్⁻¹(1÷x). కాట్⁻¹ దగ్గర మాత్రం టాన్⁻¹(1÷x) వాడకపోవడమే మంచిది. x సున్నా అయితే ఎర్రర్, రుణాత్మకమైతే జవాబుకు 180 కలపాలి. దానికి బదులు 90 − టాన్⁻¹(x) వాడితే అన్ని విలువలకూ పనిచేస్తుంది. కాట్⁻¹(−2) ఇలా చేస్తే 153.43 వస్తుంది.

‘ఎర్రర్’ అని వస్తే చాలాసార్లు ఫోన్ తప్పు కాదు. సైన్⁻¹, కాస్⁻¹‌లకు −1 నుంచి 1 వరకే చోటు. కర్ణాన్ని పైన, భుజాన్ని కింద పెట్టి భాగించి ఉంటారు. టాన్⁻¹‌కు ఈ హద్దు లేదు. మధ్యలో దశాంశాలు కత్తిరించడం కూడా ప్రమాదమే, ముఖ్యంగా 1కి దగ్గర్లో: కాస్⁻¹(0.994) 6.28 డిగ్రీలైతే, 0.99గా కుదించాక 8.11 అవుతుంది. ఏకంగా 1.8 డిగ్రీల తేడా. చివరి జవాబు దాకా ఏ అంకెనూ తగ్గించకండి.

మూడో చిక్కును ఫోన్ ఎప్పటికీ చెప్పదు. అది ఒక్క కోణమే ఇస్తుంది: సైన్⁻¹, టాన్⁻¹ −90 నుంచి 90 మధ్య, కాస్⁻¹ 0 నుంచి 180 మధ్య. త్రిభుజంలో సైన్ సూత్రం వాడి 0.6 తెచ్చుకుంటే 36.87తో పాటు 180 − 36.87, అంటే 143.13 కూడా సాధ్యమే. ఏది సరైనదో పటం చూసి తేల్చాలి. వీలుంటే కొసైన్ సూత్రానికి మారండి, అక్కడ ఈ సందిగ్ధమే రాదు. భుజాలు 5, 6, 7 అయితే 7కు ఎదుటి కోణం కాస్⁻¹(0.2), 78.46 డిగ్రీలు, అంతే. నిరూపకాల లెక్కలోనూ ఇదే గొడవ. బిందువు (−3, 4) రెండో పాదంలో ఉంది, టాన్⁻¹(4÷−3) మాత్రం −53.13 అంటుంది. x రుణాత్మకమైతే 180 కలపండి: 126.87.

నిమిషాలు, సెకన్లు కావాలంటే దశాంశ భాగాన్ని 60తో గుణిస్తూ పోవాలి. 36.8699లో 0.8699 × 60 = 52.194, అంటే 52 నిమిషాలు. మిగిలిన 0.194ను మళ్లీ 60తో గుణిస్తే 12 సెకన్లు.

వచ్చిన కోణానికి తిరిగి సైన్ నొక్కి సరిచూసుకునే అలవాటు చాలామందికి ఉంది. బ్రాకెట్ తప్పును అది పట్టిస్తుంది. మోడ్ తప్పును పట్టించదు, రేడియన్లలో వెళ్లినది రేడియన్లలోనే తిరిగొస్తుంది కాబట్టి. రెండో కోణాన్నీ పట్టించదు: 36.87కైనా, 143.13కైనా సైన్ 0.6 అనే చూపిస్తుంది.