యూదుల మధ్య సువార్త పనికి సహకారం: కారణాలను సంఘానికి ఎలా వివరించాలి

యూదుల మధ్య జరిగే సువార్త పనికి కానుక పంపుదామని కాపరి అన్నప్పుడు, "మన ఊళ్లోనే ఇంతమంది ఉండగా వాళ్లకెందుకండీ?" అని ఎవరో ఒకరు అడగక మానరు. అది న్యాయమైన ప్రశ్న. అందుకే ప్రసంగ పీఠం ఎక్కకముందే జవాబును కాగితం మీద రాసుకోవాలి.

రోమా పత్రికతో మొదలుపెట్టండి. 1:16లోని "మొదట యూదునికి" అన్న మాట దగ్గరే ఆగిపోకుండా, 9వ అధ్యాయం ఆరంభంలో స్వజనుల కోసం పౌలు పడిన వేదనను, యూదేతరులను అంటుకట్టిన కొమ్మలుగా చూపే 11వ అధ్యాయంలోని ఒలీవ చెట్టు పోలికను సంఘంతో కలిసి నిదానంగా చదవండి. కొమ్మ వేరును మోయదని, కొమ్మను వేరు మోస్తుందని అంటుమామిడి పెంచినవారికి వివరించనక్కరలేదు. లేఖనాలూ ప్రవక్తలూ చివరకు మెస్సీయా ఆ జనం నుంచే మనకు అందారు కాబట్టి, ఈ కానుకను నేను దానమనను, బాకీ అంటాను.

తరువాత ఒక కాపరి ఉదాహరణ చెప్పండి. డండీలోని సెయింట్ పీటర్స్ సంఘ కాపరి రాబర్ట్ మర్రే మెక్‌చేన్ 1839లో స్కాట్లాండ్ సంఘం పంపగా, ఆండ్రూ బోనార్ మొదలైనవారితో కలిసి పాలస్తీనా వరకు వెళ్లి, యూదుల స్థితిగతులు విచారించి వచ్చారు. తిరిగి వచ్చాక రోమా 1:16 మీద ప్రసంగిస్తూ నాలుగు కారణాలు చెప్పారు: తీర్పు వారితో ఆరంభమవుతుంది, వారిని ముందుగా తలచడం దేవుని పోలికగా నడవడం, వారి దగ్గరకు వెళ్లే మార్గం తెరిచి ఉంది, వారి ద్వారా లోకానికి జీవం కలుగుతుంది. మొదటిదానికి రోమా 2:9 ఆధారమే అయినా, దాన్ని ముందుంచవద్దని నా సలహా. క్రైస్తవుల నోట ఆ జనం శతాబ్దాల తరబడి విన్నది తీర్పు మాటే.

ఆ చరిత్రను కాపరే స్వయంగా ఒప్పుకోవాలి. 1492లో స్పెయిన్ రాజదంపతులు బాప్తిస్మం పొందని యూదులను దేశం నుంచి వెళ్లగొట్టారు. 1543లో ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ వారి సమాజమందిరాలను తగలబెట్టమని రాశారు. వీటిని దాచిపెట్టి ప్రేమ గురించి ప్రసంగిస్తే ఎవరు నమ్ముతారు?

నమ్మదగిన ప్రేమ ఎలా ఉంటుందో జేన్ హేనింగ్ జీవితంలో చూపవచ్చు. స్కాట్లాండ్ సంఘం హంగరీలోని బుడాపెస్ట్‌లో నడిపిన మిషన్ బడిలో ఆమె బాలికల హాస్టల్ మేట్రన్. యుద్ధకాలంలో స్వదేశానికి వచ్చేయమన్నా పిల్లలను విడిచి రాలేదు. 1944లో, యూదులన్న గుర్తుగా ధరించి తీరాల్సిన పసుపుపచ్చ నక్షత్రం కుట్టిన బట్టలతో తరగతికి వచ్చిన ఆడపిల్లలను చూసి ఆమె ఏడ్చారు. ఆ కన్నీళ్లను కూడా ఆమె మీద నేరంగా మోపారు. ఆ ఏడాదే ఆష్విట్జ్ నాజీ నిర్బంధ శిబిరంలో మరణించారు.

ఇక కానుక పంపే ముందు ఆ మిషన్‌ వారికి ఉత్తరం రాయండి. తాము క్రైస్తవులమని మొదటే చెబుతారా, సహాయానికి విశ్వాసాన్ని షరతుగా పెడతారా, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలకు బోధిస్తారా, ఏటా లెక్కలు చూపుతారా అని అడగండి. ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు అందాకే సంఘ పెద్దల ముందు తీర్మానం పెట్టండి.