రమ్ సవర్ ఇంట్లో సరిగ్గా కుదరాలంటే

రమ్ సవర్ అనే పుల్లటి కాక్‌టెయిల్‌లో పడేవి మూడే: రమ్ము, నిమ్మరసం, పంచదార. పైన నురగ కావాలంటే కోడిగుడ్డు తెల్లసొన. ఇంత తక్కువ సరుకు కాబట్టే ఏది కాస్త అటూ ఇటూ అయినా నాలుకకి ఇట్టే తెలిసిపోతుంది. ఉజ్జాయింపుగా పోస్తే కుదరదు, పెగ్గు కొలత దగ్గరుండాలి.

ఒక గ్లాసుకి రమ్ము 60 మి.లీ., అంటే లార్జ్. నిమ్మరసం 25, పంచదార నీళ్లు 20, తెల్లసొన 15 మి.లీ. (సుమారు అరగుడ్డుది). ఓల్డ్ మాంక్ లాంటి నల్ల రమ్ములో వెనిలా వాసన, తీపి ముందే ఉంటాయి. దానికి పంచదార నీళ్లు 15తో మొదలుపెట్టండి. గుడ్డు లేకుండా వైట్ రమ్ముతో చేస్తే అదే క్యూబా వాళ్ల డైకిరీ. రమ్ముకి నిమ్మ తోడవడం పాత సంగతే: 1740లో బ్రిటిష్ అడ్మిరల్ వెర్నన్ నావికుల రమ్ములో నీళ్లు కలిపించి, కావాలంటే నిమ్మ, పంచదార వేసుకోమన్నాడు.

మన సంతలో దొరికే పల్చటి తోలు నిమ్మకాయే దీనికి బాగుంటుంది. కాయకి 10-15 మి.లీ. దిగుతుంది, రెండు మూడు పెట్టుకోండి. గట్టు మీద అరచేత్తో దొర్లించి కోయండి. చివరి చుక్క కోసం తొక్క నలిపితే చేదు దిగుతుంది.

పంచదార నీళ్లంటే తీగపాకం కాదు. 100 గ్రాములకి 100 మి.లీ. వేడినీళ్లు పోసి కరిగేదాకా కలిపితే చాలు. ముదురు పాకం చల్లటి రమ్ములో కలవక అడుగున చేరుతుంది. పంచదార నేరుగా వేస్తే చివరి గుక్కలో ఇసుకలా తగులుతుంది.

గుడ్డు వేయకముందే ఒక చెంచా రుచి చూడండి. ఐసు కరిగాక అన్నీ పలచబడతాయి కాబట్టి ఇప్పుడు పులుపు, తీపి రెండూ కాస్త ఎక్కువే అనిపించాలి. పులుపు మరీ గుంజితే 5 మి.లీ. పంచదార నీళ్లు కలపండి.

ఇక అసలు పని గిలకొట్టడం. షేకర్ లేకపోతే మూత గట్టిగా బిగిసే వెడల్పు మూతి స్టీలు సీసా చాలు. చల్లదనంలో తెల్లసొన తొందరగా పొంగదు, అందుకే మొదట ఐసు లేకుండా 15 సెకన్లు ఊపాలి. ఈ విడతలో మూత ఎగిరే ప్రమాదం ఉంది, అదిమి పట్టుకోండి. తర్వాత ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన పెద్ద ఐసు ముక్కలు ఐదారు వేసి మరో 15 సెకన్లు. చెమ్మ పట్టిన ఐసు చల్లబరిచే లోపే నీళ్లు వదిలేస్తుంది. సీసా మీద తెల్లగా మంచు పట్టి వేళ్లు జివ్వుమంటే ఆపేయండి. ముందే చల్లబరిచిన గ్లాసులోకి టీ వడకట్టుతో వంచండి. నిమిషంలో నురగ పైకి తేలి గట్టిపడుతుంది.

నురగ నిలవలేదంటే తెల్లసొనలో పచ్చసొన చుక్క పడి ఉంటుంది, లేదా సీసాకి నూనె జిడ్డు ఉంటుంది. నీచు వాసన వస్తే పైన రెండు చుక్కలు అంగోస్తురా బిట్టర్స్ (మూలికలు, మసాలాలతో చేసే ఘాటైన చేదు సారం) వేయండి, లేకపోతే జాజికాయ కొంచెం గీకండి.

పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా (కడుపు పాడుచేసే బ్యాక్టీరియా) భయం ఉంటుంది. పగుళ్లు లేని తాజా గుడ్డే వాడండి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి పచ్చి గుడ్డు అసలు వద్దు. గుడ్డు బదులు ఉప్పు లేకుండా ఉడికించిన కాబూలీ శనగల చిక్కటి నీళ్లు 20 మి.లీ. పోసి, మొదటి విడత 25 సెకన్లు ఊపితే నురగ దాదాపు అంతే వస్తుంది.