ఏఆర్ బొమ్మ కదలకుండా నిలవాలంటే కింద పేపర్ పరవండి

తరగతిలో ఏఆర్‌తో (ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే ఫోన్ తెరలో చూస్తే 3డి బొమ్మ మన ముందే ఉన్నట్టు చూపించే పద్ధతి) గుండెనో, సౌర కుటుంబాన్నో చూపించే మాస్టార్లకు, టీచర్లకు ఒక మాట. బొమ్మ గాల్లో తేలుతున్నా, పక్కకు జారుతున్నా వెంటనే యాప్ మార్చేయకండి. ఫోన్ కెమెరా కింద కనిపించే గీతలు, మచ్చలు, అంచులనే గుర్తులుగా పట్టుకుని ఆ చోటును అంచనా వేస్తుంది. మన విజయవాడ, గుంటూరు బడుల్లో నున్నటి టైల్స్, ఒకే రంగు బల్లలు ఉంటే దానికి గుర్తులేం దొరుకుతాయి? పాత దినపత్రిక పూర్తిగా విప్పి పరవండి. గళ్ల దుప్పటైనా సరే. ఫోన్‌ను దాని మీదుగా నెమ్మదిగా అటూ ఇటూ కదిపి, ఆ తర్వాతే బొమ్మ పెట్టండి.

ఎండ నేరుగా పడే చోటు వద్దు, చీకటి గది అసలే వద్దు. బొమ్మ కనిపించడానికి ముద్రించిన కార్డును స్కాన్ చేసే యాప్ అయితే ఆ కార్డుకు మెరిసే లామినేషన్ చేయించకండి. వేసవిలో ఫోన్ తొందరగా వేడెక్కుతుంది, మధ్యమధ్య ఆపండి.

ఒకే ఫోన్ ఉంటే తెరను క్లాసులోని ప్యానెల్‌కు (గోడకుండే పెద్ద డిజిటల్ తెరకు) కలిపి, ఫోన్‌ను మాత్రం పిల్లల చేతికే ఇవ్వండి. ఉదాహరణకు గుండె బొమ్మలో, ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి (గుండె పై గదిలోకి) వచ్చే పుపుస సిరలు గుండెకు వెనకవైపు ఉంటాయి. బొమ్మ చుట్టూ నడిచి వాటిని వాళ్లే వెతుక్కోవాలి.