రెగ్యులేటర్ కడగడం ఎలా? ముందు పర్జ్ బటన్ మీంచి వేలు తీయండి

రుషికొండలో స్కూబా డైవ్ ముగించుకుని ఒడ్డుకి రాగానే రెగ్యులేటర్‌ని గాలి సిలిండర్ నుంచి ఊడదీయడం, బకెట్‌లో ముంచడం, నోట్లో పెట్టుకునే భాగం మీదుండే పర్జ్ బటన్ నాలుగుసార్లు నొక్కడం, దులిపి బ్యాగులో పడేయడం. ఎక్కువమంది చేసేది ఇదే. ఇలా కడిగితే ఉప్పు బయటికి పోవడం అటుంచి, నేరుగా లోపలికి చేరుతుంది. ఇరవై మీటర్ల లోతున మనకి ఊపిరి అందించే వస్తువు అది. కాస్త ఓపిగ్గా కడగాలి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. సొంత బకెట్, మెత్తని పాత నూలు పంచె, మెత్తటి టూత్‌బ్రష్, మంచినీళ్ళు. మంచినీళ్ళంటే కార్పొరేషన్ కుళాయి నీళ్ళు. బీచ్‌కి దగ్గరగా ఉండే ఇళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో కడిగి లాభం లేదు. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే ఉప్పు త్వరగా కరుగుతుంది. మరిగే నీళ్ళు మాత్రం పొయ్యకండి, రబ్బరు భాగాలు పాడవుతాయి.

ఒడ్డు మీద చేయాల్సింది

ఉప్పు ఆరకముందే పని మొదలుపెట్టాలి. మన ఎండకి అది ఇట్టే గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఒక పట్టాన కరగదు, ఆ పలుకులు గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులని గీకేస్తాయి. వెంటనే కడిగే వీలు లేకపోతే తడి తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకోండి.

వీలైతే రెగ్యులేటర్ ఇంకా సిలిండర్‌కి ఉండగానే, వాల్వ్ తెరిచి ఉంచి, మొదటి కడుగుడు అక్కడే కానివ్వండి. మౌత్‌పీస్‌లోంచి నీళ్ళు పోసి పర్జ్ నొక్కండి. ఇసుక, ఉప్పు గాలితోపాటు బయటికి కొట్టుకుపోతాయి. లోపల గాలి ఒత్తిడి ఉన్నంతసేపు నీళ్ళు వెనక్కి వెళ్ళలేవు. ఇంటికెళ్ళి బకెట్‌లో నానబెడితే చాలదా అని అడుగుతుంటారు. చాలదు. నానబెట్టడం దీని తర్వాత చేసే పనే గానీ దీనికి బదులు కాదు.

ఇక వాల్వ్ కట్టేసి, పర్జ్ నొక్కి గాలంతా వదిలి, గేజ్ సున్నా చూపించాక విప్పండి. విప్పేముందు ఆ చుట్టుపక్కల తడి తుడవండి. ఒక్క చుక్క ఉప్పునీరు కూడా ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కి బిగించే భాగం) నోట్లోకి జారకూడదు.

అసలు జాగ్రత్త ఇక్కడే

ముందు డస్ట్ క్యాప్, అంటే ఫస్ట్ స్టేజ్ నోటికి పెట్టే మూత. దాన్ని పంచె కొసతో లోపలా బయటా పొడిగా తుడవాలి. సిలిండర్ గాలి రయ్యిమని వదిలి ఆరబెట్టడం చాలామందికి అలవాటు. ఆ గాలి క్యాప్ మీది తడిని ఎగరగొట్టి పక్కనే ఉన్న ఫిల్టర్ మీదకి తోస్తుంది, పైగా చెవులు గింగురుమంటాయి. గుడ్డతో తుడిస్తే ఏ గొడవా లేదు. తుడిచాక క్యాప్ బిగించండి. సిలిండర్ వాల్వ్‌లోకి మరలు తిప్పి బిగించే డిన్ రకానికి వచ్చే కొన్ని ప్లాస్టిక్ మూతలు నీళ్ళని పూర్తిగా ఆపవు. అలాంటిదైతే ఫస్ట్ స్టేజ్‌ని ముంచకుండా, మూత వైపు తడవకుండా, ధారగా నీళ్ళు పోసి కడగండి.

ఇప్పుడు పర్జ్ బటన్ సంగతి. అది నొక్కితే సెకండ్ స్టేజ్‌లో, అంటే నోట్లో పెట్టుకునే భాగంలో, చిన్న లివర్ కదిలి వాల్వ్ తెరుచుకుంటుంది. సిలిండర్‌కి ఉన్నప్పుడు ఆ దారిలో గాలి బయటికి తోసుకొస్తుంది. సిలిండర్ నుంచి తీశాక ఆ దారి ఊరికే తెరిచి ఉన్నట్టే. నీళ్ళలో ఉండగా ఒక్కసారి నొక్కినా నీరు హోస్ గొట్టంలోకి, అక్కణ్ణుంచి ఫస్ట్ స్టేజ్‌లోకి పోగలదు. అక్కడికి చేరిన తడిని మీరు బయట ఆరబెట్టి తీయలేరు. లోపలి ఇత్తడి చిలుముపడుతుంది, వాల్వ్ సీటు మీద ఉప్పు పేరుకుంటుంది. కొన్నాళ్ళకి నీళ్ళలో దిగగానే గాలి ఆగకుండా కారడం మొదలవుతుంది.

మనమే నొక్కనక్కర్లేదు. పదిమంది సెట్లు ఒకే తొట్టిలో కుక్కితే పైవాటి బరువుకి కిందివాటి బటన్లు నొక్కుకుంటాయి. సొంత బకెట్ ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. నానబెట్టేటప్పుడు ఫస్ట్ స్టేజ్ ఎప్పుడూ సెకండ్ స్టేజ్ కంటే పైన ఉండాలి. శ్వాస బిగువు మార్చే నాబ్ ఉంటే ముందు దాన్ని లోపలికి తిప్పేయండి. అరగంట నాననిచ్చి, నాబ్‌లూ స్విచ్‌లూ నీళ్ళలోనే అటూ ఇటూ కదపండి, పర్జ్ ఒక్కటి తప్ప.

పొరపాటున నీళ్ళు పోయాయని అనుమానం వస్తే దాచుకోకండి. వెంటనే సిలిండర్‌కి తగిలించి, వాల్వ్ మెల్లగా తెరిచి, పర్జ్ నొక్కి గాలితో తడి వెళ్ళగొట్టండి. తర్వాతి డైవ్‌కి ముందే మెకానిక్‌కి చూపించండి.

ఆరబెట్టడం, దాచడం

నీడలో, ఫ్యాన్ కింద, రాత్రంతా. డాబా మీద ఎండలో వద్దు, కారు డిక్కీలో అసలే వద్దు. సెకండ్ స్టేజ్ పట్టుకుని వేలాడదీస్తే హోస్ మెడ దగ్గర విరుగు పడుతుంది. హోస్ చివర్లలో ఉండే రబ్బరు తొడుగులు వెనక్కి లాగి చూడండి, ఉప్పు నక్కేది అక్కడే. మౌత్‌పీస్ పంటిగాట్లకి చిరిగితే మార్చేయండి. సిలికాన్ స్ప్రే మెరుపు కోసం కొడతారు, కొట్టకండి, అది మౌత్‌పీస్‌ని పాడుచేస్తుంది. ఆరాక నాబ్ వదులు చేసి, పెద్ద చుట్టగా చుట్టి, గాలాడే గుడ్డసంచిలో పెట్టండి. వైజాగ్ ఉక్కకి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో బూజు పడుతుంది. సంచి మూతి మాత్రం గట్టిగా కట్టండి. బొద్దింకలకి సెకండ్ స్టేజ్ అంటే మహా ఇష్టం.

అప్పుడప్పుడు డస్ట్ క్యాప్ తీసి, మంచి వెలుతురులో ఫస్ట్ స్టేజ్ నోట్లోకి చూడండి. అడుగున ఇసకరేణువులు అతికించినట్టుండే చిన్న లోహపు ఫిల్టర్ కనిపిస్తుంది. వెండి రంగులో ఉంటే క్షేమం. ఆకుపచ్చగా మారితే లోపలికి నీళ్ళు పోయినట్టే. ఎర్రబారితే స్టీల్ సిలిండర్ లోపలి తుప్పు. నల్లబడితే గాలి నింపిన కంప్రెసర్ ఫిల్టర్‌ని అనుమానించాలి.

లోపలి భాగాలు ఇంట్లో విప్పకండి. సర్వీస్ ఎప్పుడు చేయించాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, ఆ గడువు దాటించకండి. ఫస్ట్ స్టేజ్ నుంచి వచ్చే ఒత్తిడి సాధారణంగా 9, 10 బార్ల మధ్య నిలబడాలి. అది కొలవడానికి గేజ్, మార్చడానికి అసలు భాగాలు ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

వానాకాలమంతా బీరువాలో ఉన్నదాన్ని బయటికి తీసినప్పుడు డస్ట్ క్యాప్ బిగించి, సిలిండర్ లేకుండానే, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని మెల్లగా గాలి పీల్చండి. ఏమీ రాకూడదు. గాలి వచ్చిందంటే క్యాప్ సరిగ్గా కూర్చుందో లేదో ఒకసారి చూసి, మళ్ళీ పీల్చండి. అప్పటికీ వస్తే ఎక్కడో చిరుగు ఉన్నట్టు. ఆరోజు డైవ్ మానుకుని సర్వీస్‌కి ఇచ్చేయండి.