టవర్ సైట్‌లో కరెంటు పొదుపు – 4వ పాఠం: రాత్రి క్యారియర్లను నిద్రపుచ్చడం

గత పాఠంలో డీసీ లోడు కొలిచాం. ఒక మాట మిగిలింది: ఏసీకి మాత్రమే పనికొచ్చే క్లాంప్ మీటర్ డీసీ కేబుల్‌కు పెడితే సున్నా చూపిస్తుంది. డీసీ క్లాంప్ తీసుకుని, ముందు సున్నాకు సెట్ చేసి, అప్పుడే కొలవండి.

దేవరకొండ పక్క ఊళ్లో రాత్రి పదకొండు దాటితే ఫోన్లు పక్కన పెట్టేస్తారు. అయినా లోడు పెద్దగా తగ్గదు. ఎందుకంటే 4జీ రేడియో, వాడేవాళ్లు లేకున్నా, ప్రతి మిల్లీసెకనుకు రెఫరెన్స్ సిగ్నల్ (ఫోన్లు టవర్‌ను కొలుచుకునే గుర్తు) పంపుతూనే ఉంటుంది. 5జీలో మామూలుగా 20 మిల్లీసెకన్లకోసారి సింక్ సిగ్నల్ పంపితే చాలు, మధ్యలో కునుకు తీయొచ్చు. 4జీకి ఆ వీలు తక్కువ కాబట్టి క్యారియర్‌నే, అంటే ఒక ఫ్రీక్వెన్సీ మీద నడిచే ప్రసారాన్నే, ఆపాలి.

ఆపాల్సింది 2300, 1800 మెగాహెర్ట్జ్ వంటి కెపాసిటీ క్యారియర్లను, అంటే రద్దీని మోసేవాటిని. దూరం అందుకునే 850 లేదా 900ను ముట్టుకోవద్దు. అచ్చంపేట దాటి నల్లమల వైపు అదొక్కటే దిక్కు. వాడకం 10 శాతం లోపుంటే నిద్ర, 30 దాటితే మేలుకొలుపు అని మొదలుపెట్టండి. రెండంకెలూ దగ్గరగా ఉంటే క్యారియర్ గంటకు పదిసార్లు ఆగి లేస్తుంది, కాల్స్ తెగుతాయి. 65వ నంబరు జాతీయ రహదారి మీది నకిరేకల్ వైపు సైట్లకు ఊరి టైమింగ్ పెట్టకండి, అక్కడ రాత్రంతా బండ్లు తిరుగుతాయి. చెరువుగట్టు, కురుమూర్తి జాతర రోజుల్లో చుట్టుపక్కల సైట్లకు ఈ ఫీచర్ పూర్తిగా ఆపేయడమే మేలు.

ఇప్పుడు లెక్క. 54 వోల్టుల దగ్గర లోడు 60 ఆంప్స్ నుంచి 46కు దిగిందనుకుందాం. 14 × 54 = 756 వాట్లు. రోజుకు ఐదు గంటలైతే 3.78 యూనిట్లు, నెలకు సుమారు 113.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ల సంగతి? 50 ఆంప్స్ రెక్టిఫైయర్ మాడ్యూళ్లు నాలుగుంటే, రాత్రి 46 ఆంప్స్‌లో ఒక్కోదాని మీద పడేది 11.5 ఆంప్స్, అంటే 23 శాతం. అంత తక్కువ లోడులో మాడ్యూల్ సామర్థ్యం పడిపోతుంది. రెండింటిని నిద్రపుచ్చితే మిగిలిన వాటి మీద 46 శాతం పడుతుంది, అది మంచి చోటు. వాటిలో ఒకటి పోయినా రెండోది 46 ఆంప్స్ మోయగలదు.

కానీ మాడ్యూల్‌ను స్లాట్‌లోంచి పీకేయకండి. కంట్రోలర్‌లో స్లీప్ ఆప్షన్ ద్వారానే చేయాలి. కరెంటు పోయి వచ్చాక 600 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ బ్యాంకుకు పది శాతం చొప్పున 60 ఆంప్స్ ఛార్జింగ్ కావాలి. లోడుతో కలిపి 106. రెండు మాడ్యూళ్లు ఇచ్చేది 100. పగలు లోడు మళ్లీ 60కి ఎక్కితే కావాల్సింది 120, అప్పుడు కొరత ఇంకా పెద్దది. నిద్రలో ఉన్నవి తమంతట లేస్తే సరే. పీకేసి ఉంటే బ్యాటరీ పూర్తిగా నిండదు, మే నెలలో వరుసగా కరెంటు పోయినప్పుడు జనరేటర్ ముందే స్టార్టవుతుంది, మిగిల్చిన యూనిట్లన్నీ డీజిల్‌లో పోతాయి.

వచ్చే పాఠానికి: మధ్యాహ్నం రెండింటికి, తెల్లవారుజామున ఐదింటికి బ్యాటరీ సెల్ ఉష్ణోగ్రత, ఫ్లోట్ వోల్టేజి (నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచే వోల్టేజి) రాసి పెట్టుకోండి. ఉష్ణోగ్రత సెన్సర్ వైరు సెల్‌కు ఆని ఉందో, గాల్లో వేలాడుతోందో కూడా చూడండి.