తెర మీది మజిల్ కార్లు – 4వ పాఠం: పాయింట్లు, డ్వెల్, టైమింగ్

పోయిన పాఠంలో ప్లగ్గులు విప్పి వాటి రంగు చూశాం, గ్యాప్ 0.034 అంగుళాలకు పెట్టాం. ఇప్పుడు ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తెరుద్దాం. బండి మారలేదు: 1968 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఫాస్ట్‌బ్యాక్, 390 ఘనపు అంగుళాల వీ8, 325 హార్స్ పవర్, నాలుగు గేర్లు. 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ముదురాకుపచ్చ బండి ఈ రకమే.

ఆ సినిమా ఛేజ్ మొదలవగానే నేపథ్య సంగీతం ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంజిన్ల మోత, టైర్ల అరుపు తప్ప ఇంకేమీ ఉండదు. పెద్ద ఇంజిన్ పెట్టిన ఈ అమెరికన్ మజిల్ కార్ల మీద మోజు పుట్టడానికి అది చాలు. కానీ ఆ మోతను కొలబద్దగా పెట్టుకుని మీ ఇంజిన్‌ను సరిచేయబోకండి. సినిమా శబ్దాన్ని తర్వాత కూర్చి కలుపుతారు. మనకు ముందు అంకె, తర్వాతే చెవి.

ఇంకో మాట. సినిమాలో నటించిన అసలు బండి ఛాసిస్ నంబరు 8ఆర్02ఎస్125559. 8 అంటే 1968, 02 అంటే ఫాస్ట్‌బ్యాక్, ఎస్ అంటే 390 ఇంజిన్. ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీ ఉండింది మిల్పీటస్‌లో. బే ఏరియా తెలుగువాళ్లు వారాంతంలో బట్టలు కొనుక్కునే గ్రేట్ మాల్ ఆ ఫ్యాక్టరీ కట్టడమే.

ఇక పని. ముందు వరుస గుర్తుపెట్టుకోండి: పాయింట్ల గ్యాప్, డ్వెల్, టైమింగ్, అన్నిటికన్నా చివర కార్బురేటర్. బండి మిస్ కొడితే చాలామంది చేయి ముందు కార్బురేటర్ స్క్రూ మీదికే పోతుంది, ఎందుకంటే బానెట్ ఎత్తగానే కనిపించేది అదే. పాయింట్లు సరిగ్గా లేకుండా ఆ స్క్రూ తిప్పితే ఒక తప్పుకు రెండోది తోడవుతుంది.

పాయింట్లు అంటే స్పార్క్ పుట్టించే కాయిల్‌కు కరెంటు ఇచ్చి ఆపే చిన్న స్విచ్, అంబాసిడర్, ఫియట్ రోజుల్లో మన మెకానిక్కులు సీబీ పాయింట్ అన్నది ఇదే. డిస్ట్రిబ్యూటర్ లోపలి కామ్‌కి ఎనిమిది లోబులుంటాయి, అంటే ఒక్కో సిలిండర్ వంతుకు 45 డిగ్రీలు. ఆ 45లో పాయింట్లు మూసుకుని ఉండే భాగం డ్వెల్. మూసి ఉన్నంతసేపూ కాయిల్ నిండుతుంది, తెరుచుకున్న క్షణాన స్పార్క్ పడుతుంది. పిస్టన్ పై కొనకు చేరడానికి క్రాంక్ లెక్కలో ఎన్ని డిగ్రీల ముందు అది పడుతుందో అదే టైమింగ్. ఈ ఇంజిన్‌కు డ్వెల్ 26 నుంచి 31 డిగ్రీలు, గ్యాప్ 0.017 అంగుళాలు, అంటే 0.43 మిల్లీమీటర్లు.

బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ఈ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ ముందువైపే ఉంటుంది, వెనక గోడ మీదికి వంగి తిప్పలు పడాల్సిన పని లేదు. మూత తీసే ముందు 1వ సిలిండర్ తీగ ఎక్కడుందో డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద తెల్ల రంగుతో గీత పెట్టండి. రెండు క్లిప్పులు ఊడదీసి మూత పక్కన పెట్టండి, రోటర్‌ను నిలువుగా పైకి లాగండి. పాయింట్ల సెట్ స్క్రూలు విప్పేటప్పుడు అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్ వాడండి. స్క్రూ జారి కింది ప్లేటు సందులో పడితే డిస్ట్రిబ్యూటర్ మొత్తం బయటకు తీయాల్సి రావచ్చు. ప్లేటును ఒంటికి కలిపే చిన్న ఎర్త్ తీగ ఏ స్క్రూ కింద ఉందో చూసుకుని మళ్లీ అక్కడే బిగించండి. అది మర్చిపోతే బండి ఒకసారి అందుకుంటుంది, ఒకసారి అందుకోదు. ఎక్కడ తప్పుందో వెతకడానికి రోజంతా పోతుంది.

పాత పాయింట్లు పారేయకుండా వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక ముఖం మీద చిన్న గుంట, దానికి ఎదురుగా చిన్న గుట్ట కనిపిస్తాయి. బల్లపరుపు ఫీలర్ గేజ్‌కి గుంట తెలియదు, గుట్టకే తగులుతుంది. గేజ్ 0.017 చూపిస్తున్నా నిజమైన సందు అంతకంటే ఎక్కువే. వాడిన పాయింట్లకు ఫీలర్ గేజ్‌ను నమ్మకూడదని, డ్వెల్ మీటరే వాడాలని చెప్పేది ఇందుకే. రెండు ముఖాలూ నీలం తిరిగి మాడిపోయి ఉంటే కొత్త సెట్ వేయకండి, ముందు కారణం పట్టుకోవాలి. దాని సంగతి కింద ఉంది.

కొత్త పాయింట్ల మీద నూనె పొర ఉంటుంది. స్పిరిట్‌లో ముంచిన గట్టి కాగితాన్ని ముఖాల మధ్య పెట్టి లాగండి. అలాగే వదిలేస్తే ఆ నూనె కాలి నల్ల పొర కడుతుంది. సెట్ బిగించాక కామ్ మీద అగ్గిపుల్ల తలంత డిస్ట్రిబ్యూటర్ గ్రీజు రాయండి. ఎక్కువైతే ఎగిరి పాయింట్ల మీద పడుతుంది, అసలు రాయకపోతే కామ్‌ను రాసుకుంటూ పాయింట్లను తెరిచే రబ్బింగ్ బ్లాక్ త్వరగా అరిగిపోతుంది. ఇంజిన్‌ను చేత్తో తిప్పి బ్లాక్‌ను సరిగ్గా లోబు కొన మీదికి తెచ్చి 0.017 రేకు పెట్టండి. రేకు లాగితే పల్చటి కాగితం రెండు పుస్తకాల మధ్య నుంచి వస్తున్నట్టు కాస్త పట్టాలి. స్క్రూ బిగించేటప్పుడు సెట్ కదులుతుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవాలి.

రోటర్, మూత, బ్యాటరీ తీగ పెట్టేయండి. డ్వెల్ మీటర్‌ను 8 సిలిండర్లకు తిప్పండి. ఎర్ర తీగ కాయిల్‌లో డిస్ట్రిబ్యూటర్ వైపు పోయే టెర్మినల్‌కు, నల్ల తీగ ఇంజిన్ ఒంటికి. స్టార్ట్ చేసి చూడండి. 28 దాకా రావాలి, కొత్త సెట్‌కి 27 ఇంకా మంచిది. బ్లాక్ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, డ్వెల్ దానంతటదే పెరుగుతుంది. అంకె తేడాగా ఉంటే ఇంజిన్ ఆపి, మూత తీసి సర్దాల్సిందే. అప్పటి జనరల్ మోటార్స్ వీ8 డిస్ట్రిబ్యూటర్లకు చిన్న కిటికీ ఉంటుంది, ఇంజిన్ నడుస్తుండగానే ఎలెన్ కీతో తిప్పొచ్చు. ఫోర్డ్‌కి ఆ సౌకర్యం లేదు. రేజ్ చేసినప్పుడు డ్వెల్ 3 డిగ్రీల కంటే ఎక్కువ ఊగితే డిస్ట్రిబ్యూటర్ బుష్షులు అరిగాయని అనుమానించాలి. అప్పుడు పాయింట్లు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

డ్వెల్ ముందు, టైమింగ్ తర్వాత ఎందుకు? డ్వెల్ 2 డిగ్రీలు పెరిగిందంటే పాయింట్లు ఒక డిగ్రీ ముందుగా మూసుకుని ఒక డిగ్రీ ఆలస్యంగా తెరుచుకుంటున్నాయి. డిస్ట్రిబ్యూటర్ తిరిగేది క్రాంక్ వేగంలో సగమే కాబట్టి ఆ ఒక్క డిగ్రీ ఆలస్యం క్రాంక్ దగ్గర 2 డిగ్రీలు అవుతుంది. అంటే డ్వెల్ ఎంత కదిలితే టైమింగ్ అంత వెనక్కి పోతుంది. తిరగేసి చేస్తే టైమింగ్ పని మళ్లీ మొదటికొస్తుంది.

టైమింగ్ పెట్టే ముందు ఇంజిన్ బాగా వేడెక్కాలి. గ్యారేజ్ తలుపు పూర్తిగా తెరిచి ఉంచండి, ఎగ్జాస్ట్ పొగ ప్రాణం తీస్తుంది. చున్నీ, కండువా, మెడలో గొలుసు ఏదున్నా తీసేయండి, ఫ్యాన్ చేతికి జానెడు దూరంలోనే తిరుగుతుంటుంది. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టం ఊడదీసి దాని చివర మూసేయండి. కొన్ని డిస్ట్రిబ్యూటర్లకు రెండు గొట్టాలుంటాయి, అప్పుడు రెండూ మూయాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే క్రాంక్ ముందు కొసన ఉండే బ్యాలెన్సర్ చక్రం మీది గీతను తుడిచి తెల్ల రంగు పూయండి.

టైమింగ్ లైట్ క్లిప్పు 1వ సిలిండర్ తీగకు తగిలించండి. ఫోర్డ్ లెక్కలో 1 నుంచి 4 కుడివైపు, అంటే అమెరికన్ బండిలో ప్యాసింజర్ వైపు, ముందు నుంచి వెనక్కి. 5 నుంచి 8 డ్రైవర్ వైపు. ఫైరింగ్ ఆర్డర్ 1-5-4-2-6-3-7-8. బిగింపు బోల్టును చేత్తో తిప్పితే డిస్ట్రిబ్యూటర్ కదిలేంత మాత్రమే వదులు చేయండి. ఇంజిన్ స్లోలో ఉండగా లైట్ కొడితే గీత 6 డిగ్రీల దగ్గర నిలబడాలి. ఇంజిన్ గదిలో ఫ్యాక్టరీ కాగితం మిగిలి ఉండి వేరే అంకె చెబితే దాన్నే నమ్మండి. ఈ ఇంజిన్‌లో రోటర్, పైనుంచి చూస్తే, గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. కనుక డిస్ట్రిబ్యూటర్ ఒంటిని గడియారం దిశలో తిప్పితే టైమింగ్ ముందుకు జరుగుతుంది. బోల్టు బిగించి, లైట్ మళ్లీ కొట్టి చూడండి.

6 పెట్టాం కదా అని ఆగకూడదు. వేగంలో పనిచేసేది మొత్తం అడ్వాన్స్, అంటే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకు జరగ్గా వచ్చే మొత్తం డిగ్రీలు. డయల్ ఉన్న లైట్‌తో 3000 ఆర్‌పీఎం దగ్గర చూస్తే 36 డిగ్రీలు దాటకూడదు. డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటు మీద 10ఎల్, 15ఎల్ లాంటి గుర్తులుంటాయి. అవి డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు, క్రాంక్ లెక్కకు రెట్టింపు చేయాలి. 15ఎల్ అంటే 30, మొదటి 6 కలిపితే 36.

ఈ ఇంజిన్ కంప్రెషన్ 10.5. సీసం కలిపిన ప్రీమియం పెట్రోలు దొరికే రోజుల కోసం కట్టింది. ఇప్పుడు కాలిఫోర్నియా పంపుల్లో ప్రీమియం అంటే 91 ఆక్టేన్. మన బంకుల్లో రాసే అంకె వేరే లెక్క, అమెరికా 91 ఇక్కడి సుమారు 95, 96కి సమానం. శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి ఎత్తు రోడ్డు మీద మూడో గేర్‌లో, తక్కువ వేగంతో, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గులకరాళ్లు డబ్బాలో ఊపినట్టు చిటపట వినిపిస్తే అది నాకింగ్. వెంటనే కాలు ఎత్తి, ఇంటికొచ్చి మొత్తాన్ని 34కి తగ్గించండి. నాలుగు హార్స్ పవర్ పోయినా పర్వాలేదు. విన్నా పట్టించుకోకుండా తొక్కితే పిస్టన్లు పోతాయి.

తప్పు మిగతా చోట్ల ఎలా కనిపిస్తుందంటే: సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ ఎదురు తన్నితే టైమింగ్ మరీ ముందుంది. పికప్ లేక, ఊరికే వేడెక్కుతుంటే వెనకపడింది. స్లోలో బాగుండి పై వేగంలో మిస్ కొడితే పాయింట్ల స్ప్రింగ్ బలం తగ్గి ఎగురుతున్నాయేమో చూడండి.

మాడిన పాయింట్ల సంగతి. ఫోర్డ్‌లో స్విచ్ నుంచి కాయిల్‌కు వచ్చే గులాబీ తీగ మామూలు తీగ కాదు, వోల్టేజీ తగ్గించే రెసిస్టెన్స్ తీగ. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రమే వేరే దారిలో పూర్తి 12 వోల్టులు అందుతాయి. ఎవరో ఎప్పుడో దాన్ని తీసి మామూలు తీగ వేసి ఉంటే పాయింట్లు ఎన్ని మార్చినా కాలుతూనే ఉంటాయి. ఇంజిన్ ఆపి, పాయింట్లు మూసి ఉండగా కొద్ది క్షణాలు స్విచ్ వేసి కాయిల్ పాజిటివ్ దగ్గర కొలవండి. బ్యాటరీ వోల్టేజీయే కనిపిస్తే దొంగ దొరికినట్టే. అది కాకపోతే పాయింట్ల మధ్య నిప్పురవ్వలను అణిచే కండెన్సర్ మార్చండి.

ఇంకొకటి, అనుభవం ఉన్నవాళ్లనూ తిప్పలు పెట్టేది. బ్యాలెన్సర్‌లో రెండు ఇనుప చక్రాల మధ్య రబ్బరు ఉంటుంది. యాభై ఏళ్ల రబ్బరు పట్టు వదిలేస్తే గీత ఉన్న బయటి చక్రం జారుతుంది. లైట్ 6 అంటుంది, నిజం 14 అయి ఉండొచ్చు. పాత బండికి ఒక్కసారైనా ఇది సరిచూడాలి. బ్యాటరీ తీగ తీసి, ప్లగ్గులన్నీ విప్పి, 1వ సిలిండర్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించండి. పొడవాటి పానాతో ఇంజిన్‌ను నెమ్మదిగా చేత్తో తిప్పి, పిస్టన్ తగిలి ఆగిన చోట బ్యాలెన్సర్ మీద గుర్తు పెట్టండి. వెనక్కి తిప్పి రెండోసారి ఆగిన చోట ఇంకో గుర్తు. రెండింటికీ సరిగ్గా మధ్య ఉన్నదే అసలు సున్నా. ఫ్యాక్టరీ గీత అక్కడ లేకపోతే బ్యాలెన్సర్ మార్చాలి. కొత్త గీత గీసుకుని నడిపితే ఆ చక్రం మళ్లీ జారుతుంది.

సినిమాలో మస్టాంగ్ తరిమిన నల్ల డాడ్జ్ ఛార్జర్ 440 మీ దగ్గరుంటే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం దాని సొంతం. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, బేసి సంఖ్యలు డ్రైవర్ వైపు. అక్కడ కూడా రోటర్ గడియారానికి ఎదురుగానే తిరుగుతుంది.

ఇంటిపని: డ్వెల్, స్లోలో టైమింగ్, 3000 దగ్గర మొత్తం అడ్వాన్స్, ఈ మూడూ తేదీ వేసి రాసుకోండి. 500 మైళ్లు నడిపాక డ్వెల్ మళ్లీ కొలిచి పక్కనే రాయండి. ఎంత పెరిగిందో చూస్తే బ్లాక్ ఎంత అరిగిందో తెలుస్తుంది. వచ్చే పాఠంలో కార్బురేటర్ ఫ్లోట్ మట్టం చూస్తాం, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.