‘సెట్’ను తెలుగులో కుదర్చడం ఎట్లా

హన్మకొండ చౌరస్తాలో పొద్దంతా ఈ మాట చెవిన పడుతూనే ఉంటుంది. సంబంధం సెట్ అయింది, అంగీ సెట్ కాలే, పంపుసెట్ కాలిపోయింది, రెండు సెట్ దోసె. ఇంత చనువున్న మాటే ఇంగ్లిష్ వాక్యంలో ఎదురైతే అనువాదం చేసేవాళ్ల చెయ్యి ఆగుతుంది. ఆగాల్సిందే. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పెద్ద పద్దు ఈ క్రియదే: సుమారు 60,000 మాటలు, 580 దాకా అర్థాలు. 2011లో ‘రన్’ 645 అర్థాలతో దీన్ని దాటేసింది. అంతమాత్రాన సెట్ తేలికైపోలేదు. అయితే అర్థాలన్నీ బట్టీ పట్టే పని లేదు, వరుసగా కొన్ని ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ముందు చూడాల్సింది నామమా, క్రియా అని. సముదాయం అనే అర్థమున్న నామం పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, ‘సెక్ట్’కు చుట్టం. దాంతో పెద్ద తిప్పల్లేదు. గిన్నెల సెట్ సెట్టే, లెక్కల్లో సమితి. పంపుసెట్, టీవీ సెట్ ఉన్నవున్నట్టే ఉంచాలి. వాటిని సంస్కృతంలోకి మారిస్తే రైతు నవ్వుతాడు. ఐసెట్, ఎడ్‌సెట్‌లలో ఉన్నది అసలీ మాటే కాదు, కామన్ ఎంట్రెన్స్ టెస్ట్‌కు పొట్టి రూపం.

తిప్పలంతా క్రియతోనే. ‘సిట్’ అంటే కూర్చొను, ‘సెట్’ అంటే కూర్చోబెట్టు. రెంటికీ మూలం ఒకటే. కుండ కింది కుదురును తలుచుకోండి. అడుగు గుండ్రంగా ఉన్న కుండ ఉత్త నేల మీద ఒరుగుతుంది. గడ్డితో చుట్టిన కుదురు మీద పెడితే కదలదు. సెట్ చేసే పని అదే, కదిలేదాన్ని ఒకచోట నిలపడం. కాబట్టి మనసులో ముందు ‘కుదుర్చు’ అనుకొని, ఆ తర్వాత పక్కనున్న నామానికి తెలుగులో ఏ క్రియ జోడీయో వెతకాలి. తేదీ అయితే ఖాయం చేస్తాం, ఉంగరంలో రాయిని పొదుగుతాం, ఉచ్చు పన్నుతాం, విరిగిన ఎముకను సరిచేసి కట్టు కడతాం, ప్రశ్నపత్రం తయారుచేస్తాం. ఒక్క ‘అమర్చు’తో అన్నిటినీ నెట్టుకొచ్చే అలవాటు వల్లనే అనువాదం అనువాదంలా కనబడుతుంది.

తర్వాతి ప్రశ్న: క్రియకు కర్మ ఉందా? లేకపోతే ఆ వస్తువే తనంతట తాను కుదురుకుంటోందని. పెరుగు తోడుకుంటుంది, పొద్దు గూకుతుంది, కాంక్రీటు బిగుసుకుంటుంది. ఈ చివరిదాని దగ్గర పదిలం. సిమెంటు సంచుల మీద, నిర్మాణ పత్రాల్లో సెట్టింగ్, హార్డెనింగ్ రెండూ కనిపిస్తాయి, రెంటినీ ‘గట్టిపడటం’ అని రాసేస్తుంటారు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు భారతీయ ప్రమాణం ప్రకారం తొలి సెట్టింగ్ 30 నిమిషాల కంటే ముందు మొదలుకాకూడదు, తుది సెట్టింగ్ 600 నిమిషాలు దాటకూడదు. అంటే ఆలోపు మాలు బిగుసుకొని ఆకారం నిలుపుకుంటుంది, అంతే. బలం రావడం వేరే సంగతి, దాన్ని 28 రోజులకు లెక్కగడతారు. స్లాబ్ సెట్ అయిందన్న మాటను ‘గట్టిపడింది’ అని రాస్తే, చదివినవాడు మర్నాడే స్లాబ్ కింద ఆసరాగా నిలిపిన పోట్లు తీయించే ప్రమాదం ఉంది. ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబ్‌కైనా వాటిని కనీసం 7 రోజులు ఉంచాలి. సెట్టింగ్‌కు ‘బిగుసుకోవడం’, హార్డెనింగ్‌కు ‘గట్టిపడటం’ అని విడగొట్టుకుంటే గొడవ ఉండదు.

ఇక వెనక తగిలే చిన్న మాటలు. ‘సెట్ ఆఫ్’కు కర్మ లేకపోతే బయల్దేరడం: తెల్లారగట్ల మేడారం బయల్దేరారు. పటాకులు కర్మ అయితే పేల్చడం. చట్టంలో అయితే తీసివేత: క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 468వ సెక్షన్‌లో, విచారణ ఖైదీగా గడిపిన రోజులను శిక్షలోంచి తగ్గించడం. ‘సెట్ అప్’ అంటే సంస్థ విషయంలో నెలకొల్పడం, మనిషి విషయంలో ఇరికించడం. వాన ‘సెట్ ఇన్’ అయితే ముసురు పట్టిందని.

ఎక్కువ చేటు చేసేది ‘సెట్ అసైడ్’. డబ్బు విషయంలో విడిగా తీసిపెట్టడమే. కోర్టు ఒక ఉత్తర్వును సెట్ అసైడ్ చేసిందంటే మాత్రం కొట్టేసిందని, రద్దు చేసిందని. దాన్ని ‘పక్కన పెట్టింది’ అంటే, కేసు వాయిదా పడిందేమో, ఉత్తర్వు ఇంకా బతికే ఉందేమో అనుకుంటారు.

అలారంతో ఇంకో మెలిక. ‘సెట్ ది అలారం ఫర్ ఫైవ్’ అంటే ఐదింటికి మోగేలా పెట్టడం. ‘ఎట్ ఫైవ్’ అంటే పెట్టే పని ఐదింటికి చేశారని. కాలం కూడా చూసుకోవాలి: ఈ క్రియకు మూడు రూపాలూ సెట్టే, ‘సెట్టెడ్’ లేదు. ‘హి సెట్స్’ అంటే పెడతాడు, ‘హి సెట్’ అంటే పెట్టాడు. ఒక్క ‘స్’తో తేడా.

చివరగా, మన సెట్‌ను ఇంగ్లిష్‌లోకి తీసుకుపోవద్దు. ‘సంబంధం సెట్ అయింది’లో సెట్ అక్కడ నడవదు, అరేంజ్ అనాలి. అంగీ కొలత కుదరకపోతే ఫిట్, ఒంటికి నప్పకపోతే సూట్. ‘ఫోన్ సెట్ చేసియ్యి’ అంటే ఫిక్స్. ‘వాని సంగతి సెట్ చేస్త’ అన్నదాన్ని ఇంగ్లిష్ చేసేముందు, అన్నాయన కోపంలో ఉన్నాడా, సాయం చేస్తానంటున్నాడా అని అడిగి తెలుసుకోవడం మేలు.